తూర్పు పాయ మీది మబ్బు

వాతావరణ సంస్థ నడవాలో నేలమీద పరిచిన ఫ్లెక్సీ మీద కాలు పడకుండా ఇమాస్ గోడకి ఒరుసుకుంటూ నడిచింది. మకస్సర్‌లో వారం రోజులు పాఠాలు చెప్పి ఆ మధ్యాహ్నమే బాండుంగ్ తిరిగొచ్చింది. భుజాన సంచి ఇంకా దింపలేదు. ఫ్లెక్సీ అవతలి కొసన తిగోర్ మోకాళ్ళ మీద కూచుని, మూలలు పైకి లేవకుండా ఒక పక్క నీళ్ళ సీసా, ఇంకో పక్క తన చెప్పు పెడుతున్నాడు.

"ఏంటిది? ఎవరి పెళ్ళి?"

"గురువారం సభకి తేతే. చిపనవా జలాశయం దగ్గర. తొక్కకండి, రంగు వాసన ఇంకా పోలేదు."

తేతే అంటే ఆ ఊళ్ళో అక్క. తిగోర్‌ది సుమత్రా బటక్ కుటుంబం. బాండుంగ్‌కి వచ్చి పదేళ్ళయింది. పిలుపులు ఇక్కడివి అలవాటయ్యాయి గానీ గొంతు మాత్రం సొంత ఊరిదే. గుసగుస చెప్పినా పక్క గదికి వినిపిస్తుంది.

ఇమాస్ సంచి దింపి ఫ్లెక్సీ పక్కన గొంతుక్కూచుంది. జలాశయం మేక కొమ్ముల్లా రెండు పాయలుగా చీలి ఉంది. తూర్పు పాయ మీద పండు పసుపు. పడమటి పాయ మీద బూడిద నీలం. మధ్యలో ఒక రంగు ఇంకో రంగులోకి మెత్తగా కరిగిపోతోంది. అడుగున పెద్ద అక్షరాలు: రాబోయే ముప్పై ఏళ్ళ మబ్బు. తూర్పు పాయ, అనుకూలం. పడమటి పాయ, అననుకూలం. ఇంకా కిందికి, చిన్న అక్షరాల్లో: మబ్బు లెక్క, డాక్టర్ ఇమాస్ కుర్నియాసిహ్.

ఆమె చేసే పని వినడానికి చిన్నదే. వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ నమూనా నేలనీ సముద్రాన్నీ గళ్ళుగా కోసుకుంటుంది. వాళ్ళ సంస్థ నమూనాలో గడి అంటే పాతిక కిలోమీటర్ల పొడుగు, అంతే వెడల్పు. గడి మొత్తానికీ ఒకటే వేడి, ఒకటే తేమ, ఒకటే గాలి. మబ్బు అలా గడి చూసుకుని రాదు కదా. అంత మేరలో ఒకచోట ఎండ మాడుస్తుంటే ఇంకోచోట ముసురేసి ఉంటుంది. అందుకని నమూనా ఒక అంచనా కడుతుంది. సగటు తేమ ఫలానా హద్దు దాటిందా, గడిలో ఎక్కడో ఓ మూల మబ్బు మొదలైందనుకో. తేమ నూటికి నూరూ నిండిందా, ఆకాశం పూర్తిగా మూసుకుందనుకో. మధ్యలో ఉందా, ఇంత వంతు మబ్బు, మిగతాది తెరిపి. ఆ హద్దు సముద్రం మీద ఎక్కడ పెట్టాలి, కొండల మీద ఎక్కడ, మధ్యాహ్నప్పూట ఎక్కడ. కింది మబ్బు మీద పై మబ్బు సరిగ్గా కూచుంటుందా, పక్కకి జరిగి ఇంకాస్త ఆకాశాన్ని మూస్తుందా. ఇమాస్ ఎనిమిదేళ్ళుగా ఇదే తేలుస్తోంది. ఎంత తేల్చినా వచ్చేది వంతు మాత్రమే. ఆ వంతు గడిలో ఏ మూలనుందో నమూనాకి తెలీదు.

చిపనవా జలాశయమైతే రెండు పాయలూ కలిపి ఒక్క గడిలోనే పట్టేసి, చుట్టూ ఇంకా బోలెడు చోటు మిగులుతుంది.

"తిగోర్, ఈ పసుపెక్కణ్ణుంచి వచ్చింది?"

"సాఫీ చేశాను తేతే." అతను తల గోక్కున్నాడు. "తూర్పు పక్క గడిలో మైదానం, మబ్బు తక్కువ. పడమటి పక్క గడిలో కొండ, మబ్బు ఎక్కువ. గళ్ళు కనపడకుండా సాఫీ చెయ్యమని పక్ విరత్మో చెప్పారు. చేస్తే నడిమి గడిలో ఆ రంగూ ఈ రంగూ కలిసి నిండాయి."

"అంటే ఇక్కడ మబ్బు తక్కువని కాదు. పక్కింటి పసుపు ఇటు కారింది."

"అలా అంటే అలాగే."

"మరి దీనికింద నా పేరెందుకు?"

"లెక్క మీది కదా. రంగే నాది."

ఇమాస్ పసుపు మీద వేలు పెట్టింది. "ఇక్కడేముంది?"

"చేపల పంజరాలు. రెండొందల కుటుంబాలంటారు. వాటిని లేపేసి సోలార్ పలకలు తేలుస్తారు."

"ఇక్కడో?" వేలు నీలం మీదకి జరిగింది.

తిగోర్ చెప్పుని అటూ ఇటూ సర్దాడు. గొంతు మొదటిసారి తగ్గింది. "బంగళాలు. పడవల క్లబ్బు. జకార్తా పెద్దాళ్ళు శని ఆదివారాలు వస్తుంటారు."

* * *

సంస్థ పెద్ద పక్ విరత్మో ఎవరి మీదా గొంతెత్తడని అక్కడ పేరు. పక్ అంటే అయ్యగారు, ఆడవాళ్ళనైతే బు అంటారు. ఎంత నెమ్మదిగా మాట్లాడతాడంటే, ఎదుటివాళ్ళు ముందుకి వంగి మరీ వినాలి. వంగినవాళ్ళకి తాము ఒప్పుకుంటున్నట్టే అనిపిస్తుంది. ఇమాస్ వెళ్ళేసరికి మల్లె టీ కప్పు మీద మూత తీసి ఆవిరి చూస్తున్నాడు.

"కూచోండి బు ఇమాస్. మకస్సర్‌లో చేప బాగా తిన్నారా?"

"తిన్నాను పక్. ఆ పటం గురువారం పెట్టకూడదు."

"ఏ పటం?"

"నడవాలో ఆరుతున్నది."

"అందంగా వచ్చింది కదా. పోయినసారి గళ్ళతోనే ఇచ్చాం. జిల్లా పెద్దాయన చూసి, ఇది పటమా, స్నానాలగది గచ్చా అన్నారు."

"గళ్ళే నిజం."

"గళ్ళు మాత్రం భూమ్మీద ఉన్నాయా? అవీ మనం గీసుకున్నవే." ఆయన నవ్వాడు.

"మనం గీసుకున్నవే. గడి లోపల ఏ మూల ఏముందో మాకు తెలీదని ఒప్పుకుని గీసుకున్నాం. ఈ పటం తెలుసంటోంది."

పక్ విరత్మో టీ ఒక గుక్క తాగి, కప్పు మీద మూత పెట్టాడు. "ఇన్నేళ్ళూ బొగ్గు పొగ గురించి మొత్తుకున్నాం. ఇప్పుడొకళ్ళు ఎండతో కరెంటు చేస్తామని వచ్చారు. మీరు వద్దంటారా?"

"వద్దనడం లేదు. పెట్టుకోమనండి."

"పెట్టాలంటే ఎక్కడో ఒకచోట పెట్టాలి కదా."

"వాళ్ళకి నచ్చినచోట పెట్టుకోమనండి. మబ్బు ఇక్కడ పెట్టమంది అని మాత్రం అనొద్దనండి. మబ్బు అనలేదు."

ఆయన కప్పు పక్కకి జరిపాడు. తర్వాత చాలా దయగా అన్నాడు. "సరే. మీ పేరు తీయించేస్తాను. పసుపు స్టిక్కర్ ముక్క అంటిస్తే కనపడదు. మీకే ఇబ్బందీ ఉండదు."

ఆ మాట ఎండలో నీడలా తగిలింది. ఒక్క క్షణం ఇమాస్ భుజాలు కిందికి జారాయి. పేరు పోతే పీడ పోతుంది. ఇంటికెళ్ళి సంచిలోని బట్టలు ఉతుక్కోవచ్చు. అంతలో ఆ స్టిక్కర్ కళ్ళముందు కదిలింది. దాని పైన ఆ పసుపు పాయ అలాగే ఉంటుంది. ఎవరిదీ కాని లెక్కని ఎవరు మాత్రం తప్పుబడతారు?

"నా పేరు ఉండనివ్వండి పక్. పటం తీసేయండి."

ఆయన నవ్వు చెదరలేదు. "ప్రయాణం చేసొచ్చారు. గురువారం మీరు శ్రమపడి రానక్కర్లేదు. తిగోర్ మాట్లాడతాడు."

* * *

ఆ సాయంత్రం ఇమాస్ భర్త యాయన్ వంటింటి గుమ్మంలో కూచుని బడిలో వాయించే వెదురు ఆంక్లుంగ్‌లకి శ్రుతి సరిచేస్తున్నాడు. వెదురు గొట్టాన్ని కత్తితో సన్నగా గీరడం, ఊపి వినడం, మళ్ళీ గీరడం. పిల్లలకి సంగీతం చెబుతాడు. ఇమాస్ ఉల్లిపాయలు తరుగుతూ జరిగింది చెప్పింది.

"ఆ పంజరాలవాళ్ళు నీకేమవుతారు?"

"ఏమీ కారు. ఒక్కళ్ళ పేరు కూడా తెలీదు."

"మరి విరత్మోతో గొడవెందుకు? మబ్బు పనంతా నీ చేతిలోంచి లాగేస్తాడు. మెత్తగా లాగేస్తాడు, నీకు తెలీను కూడా తెలీదు."

"లాగేస్తే లాగేస్తాడు."

"ఎనిమిదేళ్ళు, ఇమాస్."

"అందుకే." కత్తి ఆగింది. "ఈ ఎనిమిదేళ్ళలో నాకు చాలా తెలీదని ఎన్నోసార్లు ఒప్పుకున్నాను. దేశదేశాల వాళ్ళ ముందు నిలబడి ఒప్పుకున్నాను. ఒక్కసారి కూడా సిగ్గనిపించలేదు. ఇవాళ నాకు తెలియనిది తెలుసని రాసి, నా పేరు పెట్టి, దాంతో ఎవరినో ఇంట్లోంచి లేపుతున్నారు. ఉల్లిపాయకి కాదు నాకీ కన్నీళ్ళు."

యాయన్ గొట్టం ఊపి చూశాడు. శ్రుతి పడలేదు. "ఎక్కువ గీరేశాను," అని గొణిగి దాన్ని పక్కన పెట్టాడు. ఇంకో గొట్టం అందుకుంటూ, "రేపు వెళ్ళి వాళ్ళని చూసిరా," అన్నాడు. "ముఖాలు తెలియకుండా పోట్లాడితే అదీ నీ నమూనా లెక్కే అవుతుంది."

* * *

నీలం ప్లాస్టిక్ పీపాల మీద వెదురు చట్రం. చట్రం కింద నీళ్ళలోకి వేలాడే వల. పంజరానికీ పంజరానికీ నడుమ పలకంత దారి. అడుగు వేసినప్పుడల్లా కింద నీళ్ళు గుటకేసిన చప్పుడు. బు హాజీ ఏంతిన్‌ని అడగమని చెప్పి పడవవాడు ఇమాస్‌ని వదిలిపెట్టిన చోట ఒక పెద్దావిడ, తలగుడ్డ వెనక్కి బిగించి, మోచేతుల దాకా రబ్బరు తొడుగులేసుకుని, చచ్చిన కార్పు చేపల్ని ఏరి బకెట్లో వేస్తోంది.

"ఎవరు కావాలి?"

"బు హాజీ ఏంతిన్‌గారిని చూడాలని."

"చూశావుగా. చెప్పు."

ఇమాస్ పేరు చెప్పింది. తొడుగుల చేతులు ఆగిపోయాయి.

"ఆ పేరు పోయిన వారం మండలాఫీసులో కాగితం పటం మీద చూపించారు మాకు." పెద్దావిడ గుడిసె వైపు తిరిగి కేకేసింది. "దయత్, ఇలా రారా. మన మీదకి ఎండ తోలినావిడ వచ్చింది."

గుడిసెలోంచి ఆవిడ తమ్ముడు, మేత గింజల బస్తా భుజాన వేసుకుని వచ్చాడు. బక్కపలచటి మనిషి. ఇమాస్‌ని కింది నుంచి పైదాకా చూసి, "ఇంత చిన్న మనిషా," అన్నాడు.

"నిలబడకు నెంగ్, పలక ఊగుతుంది," అంది బు హాజీ. సొంత ఊరి చిన్నవాళ్ళని పిలిచే పిలుపే అది, ముద్దు మాత్రం లేదందులో. "కూచో. ఊరికే కూచోకు. ఆ కొస పట్టుకో."

తడి వల అంచు తెచ్చి ఇమాస్ ఒళ్ళో పడేసింది. చల్లగా, బరువుగా, నాచు వాసనతో అది ఆమె ఒళ్ళంతా తడిపేసింది. బు హాజీ వలని గుప్పెడు గుప్పెడుగా లాగుతూ, వెలుగుకి పట్టి చిరుగులు వెతుకుతూ, దొరికినచోట సూదితో కుడుతోంది. చేతులు ఆ పని చేస్తూనే ఉన్నాయి, మాట మాత్రం ఇమాస్ మీద.

"మండలాఫీసువాళ్ళలా మాటల్తో కప్పెట్టకుండా చెప్పు. మాకు ఎండెక్కువా, లేదా?"

"నాకు తెలీదు."

"పటం వేశావుగా."

"పటం నేను వెయ్యలేదు. లెక్క నాది." ఇమాస్ చుట్టూ చూసింది. "మీ గుడిసె మీద టార్పాలిన్ ఉంది కదా. అది పదిలో మూడొంతులు చిరిగిందని మాత్రం నాకు తెలుసనుకోండి. ఎక్కడ చిరిగిందో తెలీదు. వానొస్తే మీ మంచం తడుస్తుందా లేదా, చెప్పగలనా?"

"ఎలా చెప్తావ్?"

"చెప్పలేను. ఆ పటం చెప్తోంది. చిరుగు మీ మంచం మీదే ఉందంటోంది."

బు హాజీ దారం పళ్ళతో తెంపింది. "చూడకుండానే."

"చూడకుండానే."

"అసలు మబ్బు మనవైపే ఎక్కువ," అన్నాడు దయత్, పంజరం మీదకి మేత విసురుతూ. నీళ్ళు ఒక్కసారి చేపల నోళ్ళతో ఉడికినట్టయ్యాయి. "మధ్యాహ్నం కాగానే కొండ దిగి ఇక్కడికే వస్తుంది."

"నీ మొహం. క్లబ్బు వైపే ఆగిపోతుంది. నా బట్టలు ఏ రోజైనా ఆరకుండా ఉన్నాయా?"

"నీ బట్టలు నేను తీసి లోపలేస్తున్నా కాబట్టి ఆరుతున్నాయి."

అక్కాతమ్ముళ్ళు కాసేపు మబ్బు గురించి కొట్టుకున్నారు. పక్క పంజరం నుంచి ఇంకెవరో మూడో మాట అన్నారు. ముప్పై ఏళ్ళుగా ఆ నీళ్ళ మీద బతుకుతున్నవాళ్ళు ఒక్క మాట మీదకి రాలేకపోయారు. ఇమాస్‌కి నవ్వొచ్చింది. ఎందుకో ఆ క్షణమే వాళ్ళ మీద నమ్మకం కుదిరింది.

అరిటాకులో చుట్టి కాల్చిన చేప, అన్నం, దంచిన మిరపకాయ, పచ్చి వంకాయ ముక్కలు పెట్టారు. బు హాజీ తాను తినకుండా ఇమాస్ తినడం చూస్తూ కూచుంది.

"నీకేంటి ఇందులో?"

"నా లెక్క అది. దాన్ని పట్టుకుని మిమ్మల్ని లేపుతున్నారు."

"రేపు అందరి ముందూ చెప్తావా ఈ మాట?"

"చెప్తాను."

"ఇక్కడ చేప తింటూ అందరూ చెప్తారు." బు హాజీ లేచి తొడుగులు మళ్ళీ వేసుకుంది. "నువ్వు చెప్పినా చెప్పకపోయినా మేం కదలం, అది నీకు తెలియాలి. నువ్వేదో కాపాడటానికొచ్చావని ఇంటికెళ్ళి అనుకోకు."

* * *

మండల సభాభవనంలో ముందు వరసలో సోఫాలు, వెనక ప్లాస్టిక్ కుర్చీలు. సోఫాల్లో పక్ విరత్మో, తిగోర్, జకార్తా నుంచి వచ్చిన కంపెనీ మనిషి ఎడ్విన్. కుర్చీల్లో పంజరాలవాళ్ళు, మంచి బట్టలు కట్టుకుని, పలహారం అట్టపెట్టెలు ఒళ్ళో పెట్టుకుని. వేదిక మీద ఫ్లెక్సీ. గాలికి తూర్పు పాయ ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. ఇమాస్ వెనక కుర్చీల్లో, దయత్ పక్కన కూచుంది. పక్ విరత్మో తల తిప్పి చూశాడు. పలకరింపుగా కొద్దిగా తల వంచి మళ్ళీ ముందుకి తిరిగాడు.

మండలాధికారి పక్ సొబారి ప్రార్థన చదివించి, అందరినీ ఓర్పుగా వినమన్నాడు. ఎడ్విన్ మర్యాదగా, తడుముకోకుండా మాట్లాడాడు. ఎవరికీ అన్యాయం జరగదన్నాడు, వేరే నీళ్ళు చూపిస్తామన్నాడు. తూర్పు పాయని తాము ఎంచుకోలేదన్నాడు. "శాస్త్రం ఎంచుకుంది," అంటూ ఫ్లెక్సీ వైపు చెయ్యి చాపాడు.

ఇమాస్ లేచి నిలబడింది.

"ఆ పటం మీదున్న పేరు నాది."

కుర్చీలు కిర్రుమన్నాయి. పక్ సొబారి కాగితాలు చూసుకున్నాడు. "అమ్మా, ప్రశ్నల సమయం తర్వాత ఉంది."

"ప్రశ్న కాదు పక్. దిద్దుబాటు." ఇమాస్ కుర్చీల నడుమ నుంచి నడిచి వేదిక దగ్గరికి వెళ్ళింది. అరచేతుల్ని చాచి, ఒకటి తూర్పు పాయ అవతల, ఒకటి పడమటి పాయ అవతల ఆనించింది. "మా నమూనాకి ఈ చేతి నుంచి ఈ చేతిదాకా, ఇంకా అవతలిదాకా, అంతా ఒకటే గడి. ఈ గడి మొత్తానికీ మా దగ్గరున్నది ఒకటే అంకె. ఇంత వంతు మబ్బు అని. ఆ మబ్బు తూర్పు పాయ మీదుంటుందో, పడమటి పాయ మీదుంటుందో, రెండూ వదిలి అడవి మీదుంటుందో మాకు తెలీదు. ఈ రంగులు చూడ్డానికి బాగుంటాయని నింపినవి. ఈ పసుపుని చూసి ఎవరినీ ఎక్కణ్ణుంచీ కదపడానికి వీల్లేదు. ఆ లెక్క కట్టినదాన్ని నేను, నేను చెప్తున్నాను."

సభలో గుసగుస లేచింది. పక్ సొబారి సోఫాల వైపు చూశాడు. "సంస్థ తరపున ఎవరైనా..."

పక్ విరత్మో తిగోర్ మోకాలి మీద మెల్లగా తట్టాడు. తిగోర్ లేచాడు. ఫ్లెక్సీని చూశాడు, ఇమాస్‌ని చూశాడు, తన చెప్పుల్ని చూసుకున్నాడు.

"రంగులు నేనే నింపానండి," అన్నాడు. మైకు అక్కర్లేని ఆ గొంతు వెనక గోడదాకా వెళ్ళింది. "తేతే చెప్పింది నిజం." కూచున్నాడు.

ఇమాస్ చేతులు దించింది. అయిపోయిందనుకుంది. అప్పుడు ఎడ్విన్ చిరునవ్వుతో మైకు అందుకున్నాడు.

"డాక్టర్‌గారికి చాలా కృతజ్ఞతలు. మంచి మాట చెప్పారు. అంటే మబ్బు విషయంలో రెండు పాయలకీ తేడా ఉందని చెప్పలేమన్నమాట. అప్పుడు తూర్పు పాయతో ఏ అభ్యంతరమూ లేదని కూడా అర్థం. రోడ్డు కూడా అటే దగ్గర. కాబట్టి పటం తీసేసి, పని ముందుకి తీసుకెళ్దాం."

పక్ సొబారి హమ్మయ్య అన్నట్టు తలూపాడు. సోఫా మీద పక్ విరత్మో కళ్ళు మూసుకుని తెరిచాడు.

మాట ఇలా తిరుగుతుందని ఇమాస్ అనుకోలేదు. తాను మోసుకొచ్చిన నిజాన్ని ఆ కుర్రాడు ఎంత తేలిగ్గా మడిచి జేబులో పెట్టుకున్నాడు. నోరు తెరిచింది. ఏ మాటా దొరకలేదు. వెనక కుర్చీల్లో ఎవరో, "ఇంతేలే," అన్నారు.

బు హాజీ ఏంతిన్ లేవలేదు. కూచున్నచోటి నుంచే, పలహారం పెట్టెలోంచి పకోడీ తీసి చూస్తూ అడిగింది.

"నాయనా, రెండూ ఒకటే అన్నావా?"

"అవును బు హాజీ. మబ్బు లెక్కలో ఒకటే."

"అయితే పడమటి పాయలో పెట్టు."

మొదట ఎవరో ఒక్కళ్ళు కిసుక్కుమన్నారు. తర్వాత వరస వరసంతా నవ్వింది. ఎడ్విన్ కూడా నవ్వబోయి ఆగాడు.

"అక్కడ కొన్ని ఇబ్బందులున్నాయి," అన్నాడు పక్ సొబారి.

"చెప్పండి పక్. వింటాం."

"పరిపాలనాపరమైనవి."

"చేపలు పెంచుకునేవాళ్ళం, పెద్ద మాటలు తెలీవు. పేరు పెట్టి చెప్పండి. ఇన్నాళ్ళూ మబ్బు అన్నారు. మబ్బుతో ఏం పోట్లాడతాం, నోరు మూసుకున్నాం. ఇప్పుడు మబ్బు కాదని తేలింది. మరి ఎవరు?"

పక్ సొబారి నీళ్ళు తాగాడు. గ్లాసు కింద పెట్టాడు. మళ్ళీ తీసి తాగాడు. పడమటి పాయ ఒడ్డున ఎవరెవరి బంగళాలున్నాయో ఆ సభలో తెలియనివాళ్ళు లేరు. ఆ పేర్లు నోటితో అనే మనిషి కోసం రెండొందల మంది ఎదురు చూశారు. నవ్వులు ఆగిపోయాయి. అట్టపెట్టెల చప్పుడు కూడా లేదు. ఎవరూ అనలేదు.

ఆ నిశ్శబ్దంలో ఇమాస్‌కి మాట దొరికింది. "రెండు పాయల ఒడ్డునా ఎండ కొలిచే పరికరాలు పెట్టండి. వానాకాలం, ఎండాకాలం, రెండూ గడవనివ్వండి. కొలిచిన తర్వాత మాట్లాడండి. అప్పటిదాకా ఎవరూ కదలనక్కర్లేదని రాయించండి."

"రాయించండి," అన్నాడు దయత్.

"రాయించండి," అన్నాయి కుర్చీలు.

పక్ సొబారికి అంతకన్నా తేలికైన దారి కనపడలేదు. గుమాస్తాని పిలిచి రాయించాడు.

* * *

సోమవారం పక్ విరత్మో ఆమెకి మల్లె టీ తనే పోసిచ్చాడు. మబ్బు పని ఇకనుంచి తిగోర్ చూసుకుంటాడన్నాడు. "చిపనవాలో కొలతలు మీ ఆలోచనే కదా. మీరే దగ్గరుండి చూసుకుంటే బావుంటుంది. వారం వారం వెళ్ళాలి, పరికరం గాజు తుడవాలి. ఎండలో పని. ఆరోగ్యం జాగ్రత్త."

ఎనిమిదేళ్ళ పని అలా, ఒక కప్పు టీలో కరిగిపోయింది. యాయన్ చెప్పినట్టే, మెత్తగా. ఇమాస్ టీ మొత్తం తాగేసి కప్పు కింద పెట్టింది.

"రెండు పాయల్లోనూ పెట్టాలి కదా పక్?"

"రాశారుగా."

పడవల క్లబ్బు వాచ్‌మన్ గేటు తియ్యలేదు. ఇమాస్ పరికరాన్ని ఒళ్ళో పెట్టుకుని గేటు ముందు నేలమీద కూచుంది. లోపలికెళ్ళే కార్లు హారన్ కొట్టి, పక్కనుంచి తిరిగి వెళ్ళాయి. రెండో రోజూ వచ్చి కూచుంది. ఆ రోజు తిగోర్ కూడా వచ్చి పక్కన కూచుని, తన మామూలు గొంతుతో ఫోన్లో స్నేహితులందరికీ తానెక్కడున్నాడో, ఎందుకున్నాడో చెప్పడం మొదలుపెట్టాడు. మూడో రోజు మండలాఫీసు నుంచి ఫోను రావడంతో వాచ్‌మన్ గేటు తీశాడు. పూలకుండీల మధ్య స్తంభం పాతి వచ్చారు.

తూర్పు పాయ ఒడ్డున మేత గోదాం పక్కన దయత్ గొయ్యి తవ్వి ఉంచాడు. స్తంభం దింపి, రాళ్ళు దట్టించి, ఇమాస్ స్టూలెక్కి గాజు బుడగలాంటి పరికరాన్ని పైన బిగిస్తోంది. బు హాజీ పడవ దిగి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తూ నిలబడింది.

"నెంగ్."

"చెప్పండి."

"అంతా గడిచాక, ఎండ మా వైపే ఎక్కువని తేలిందనుకో. అప్పుడేం చెప్తావ్?"

ఇమాస్ చేతిలో స్క్రూడ్రైవర్ ఆగింది. "మీ వైపే ఎక్కువని చెప్తాను."

దయత్ రాయి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. బు హాజీ కళ్ళు చిన్నవయ్యాయి.

"మా అన్నం తిని?"

"మీ అన్నం తిని."

"అప్పుడు నీతో పోట్లాడతాను."

"పోట్లాడండి."

"ఊరికే నోటితో కాదు. పంజరాలకి గొలుసు కట్టుకుని కూచుంటా. నువ్వొచ్చినా లేవను."

"కూచోండి. ఎండ ఎంతో నేను చెప్తాను. మిమ్మల్ని లేపాలా వద్దా అన్నది ఎండ చెప్పే మాట కాదు. అది మీరూ వాళ్ళూ తేల్చుకోవాల్సింది. ఆ రోజు మీ పక్కన కూచోవాలనిపిస్తే కూచుంటాను. అంకె మాత్రం మార్చను."

బు హాజీ దవడ అటూ ఇటూ కదిలింది. తర్వాత స్తంభం చుట్టూ ఒకసారి తిరిగి, ఒక కన్ను మూసి కింది నుంచి పైకి చూసింది.

"కుడి పక్కకి వాలింది."

"లేదే."

"వాలిందంటున్నా. వంకర పెట్టి మాకు ఎండ ఎక్కువ చూపించిందని రేపు నేననకూడదు. వాళ్ళూ అనకూడదు. దయత్, ఆ రాయి ఇలా దట్టించు."

ఆవిడ చెప్పులు విడిచి, మడమలు మట్టిలో గుచ్చి, రెండు చేతులా స్తంభాన్ని కావలించుకుని తనవైపుకి లాగిపట్టింది. ఇమాస్ పరికరం అంచున ఉన్న మట్టపు బుడగ చూసింది. నిజంగానే వాలి ఉంది. బుడగ నెమ్మదిగా జరిగి నడిమికి వచ్చింది.

"ఇప్పుడు బిగించు," అంది బు హాజీ.